గడప దాటని తనిఖీ

ఇంటిని తనఖా పెట్టుకుని అప్పిచ్చే బ్యాంకు ఆ ఇంటిని చూడటంలో తప్పు లేదు. అయితే అది చూస్తున్నది ఇంటినా, ఆ వాడలో బతుకుతున్న మనుషులనా అన్నదే మా ప్రశ్న.

హైదరాబాదు పాతబస్తీలోని యాకుత్‌పురాలో మాకు తెలిసిన ఒక ఉపాధ్యాయుడు ఉన్న ఇంటిపై మరో అంతస్తు వేసుకోవడానికి గృహరుణం కోరారు. జీతం పత్రాలు, రిజిస్టరు దస్తావేజు, మునిసిపల్ అనుమతి అన్నీ సమర్పించారు. బ్యాంకు తరఫున వాల్యుయరు వచ్చాడు. గల్లీలో నిలబడి ఇంటి ముందుభాగాన్ని నాలుగు ఫొటోలు తీశాడు. చాయ్ తాగి వెళ్లమని ఇంట్లోవాళ్లు పిలిచినా గడప దాటలేదు. రెండు వారాల తరువాత ఫోనులో ఒకే మాట: "మీ ఏరియాకు కుదరదండీ." కాగితమూ లేదు, కారణమూ లేదు.

కొలతలు తీయడం, స్లాబు, గోడల స్థితి చూడటం, అనుమతి పొందిన ప్లానుతో కట్టడాన్ని సరిపోల్చడం, హద్దులు నిర్ధారించడం వాల్యుయరు పని. వీటిలో చాలావరకు వీధిలోంచి కనిపించవు. వీధిలోంచి కనిపించేవి వేరు: గల్లీ ఇరుకు, తలుపు మీది పేరు, మలుపులోని మసీదు మినారు. వాటిని చూసి 'అమ్ముడుపోయే అవకాశం తక్కువ' అని నివేదికలో రాస్తే చాలు. మతం పేరు ఎక్కడా ఉండదు, వివక్ష మాత్రం జరిగిపోతుంది.

ఇది మా అనుమానం మాత్రమే కాదు. కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను 'నెగెటివ్ జోన్లు'గా గుర్తించి, అక్కడివారికి రుణాలు సులభంగా అందకుండా చేస్తున్నాయని జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006లోనే తన నివేదికలో నమోదు చేసింది.

ఈ రోగం మన దేశంలోనే పుట్టలేదు. 1930వ దశకంలో అమెరికా ప్రభుత్వ గృహరుణ సంస్థ రెండు వందలకు పైగా నగరాల పటాలు తయారుచేసి వాడలకు రంగులు వేసింది. ఎరుపు అంటే అప్పుకు ప్రమాదకరమైన వాడ. నల్లజాతివారి వాడలకు దక్కింది ఎక్కువగా ఆ రంగే. 1968లో ఇళ్ల విషయంలో వివక్షను చట్టం నిషేధించింది. ఏ వాడలో ఎన్ని గృహరుణాలు ఇచ్చారో లెక్క బయటపెట్టాలని 1975లో మరో చట్టం వచ్చింది. అక్కడ వివక్ష అంతరించిందని మేము అనడం లేదు. లెక్క ఉంది కనుక నిలదీయగలుగుతున్నారు. మన దగ్గర వాడవారీ లెక్క ప్రజల చేతికి అందదు.

గల్లీలు ఇరుకనీ, కాగితాలు సరిగా ఉండవనీ బ్యాంకర్లు అంటారు. అలాంటి ఇళ్లు ఉన్నాయి, కాదనం. అయితే ఏ ఇంటి లోపాన్ని ఆ ఇంటికే రాసి ఇవ్వండి, వాడ మొత్తానికి అంటగట్టకండి. అప్పు దొరకని ఇల్లు బాగుపడదు. బాగుపడని ఇళ్లను చూపించి వాడ విలువ తగ్గిస్తారు. తగ్గిన విలువను చూపించి మళ్లీ అప్పు నిరాకరిస్తారు. చివరికి ఆ కుటుంబం అధిక వడ్డీ గుంజే ప్రైవేటు ఫైనాన్సరు గుమ్మం ఎక్కవలసి వస్తుంది.

బ్యాంకు వడ్డీ విషయంలో మనలో భిన్నాభిప్రాయాలున్నాయి. ధర్మనిష్ఠతో అప్పు వద్దనుకునేవారిని గౌరవిస్తాం. కానీ వద్దనుకోవడం వేరు, ఇవ్వమని గెంటివేయడం వేరు. మొదటిది మన విశ్వాసం, రెండోది మన పౌరసత్వానికి అవమానం.

హక్కు కాగితం మీద ఉంది. రుణాలివ్వడంలో మతం, కులం, లింగం ఆధారంగా వివక్ష చూపరాదని రిజర్వు బ్యాంకు 2003 నాటి నియమావళి చెబుతోంది. రుణం ఎంతటిదైనా, తిరస్కరిస్తే ప్రధాన కారణాన్ని రాతపూర్వకంగా తెలపాలని 2007లో ఆదేశించింది. ఫోనులో విన్న 'కుదరదు'తో మనం వెనుదిరగకూడదు.

మన ఇల్లూ మనం చక్కదిద్దుకోవాలి. నోటిమాటతో ఇచ్చిన హిబా షరీఅత్‌లో చెల్లుతుంది. కానీ రాతలో లేకపోతే బ్యాంకు న్యాయవాది దగ్గర చిక్కే. వారసుల పంపకాలు తరాలుగా వాయిదా పడుతున్నాయి, ఇంటిపన్ను ఇంకా తాతగారి పేరునే వస్తోంది. నిరాకరించేవారికి సాకు మనమే అందించరాదు. ఈ కాగితాలు సరిచేయించే పనిని మసీదు కమిటీలు, మొహల్లాలోని చదువుకున్న యువకులు భుజాన వేసుకోవాలి.

మా డిమాండ్లు మూడు. వాల్యుయరు ఇంటి లోపలికి వచ్చి చూడాలి, ఆ నివేదిక ప్రతిని దరఖాస్తుదారుకు ఇవ్వాలి. నెగెటివ్ ఏరియాల జాబితాలు రద్దు కావాలి. వచ్చిన దరఖాస్తులు, తిరస్కరించినవి ఎన్నో వాడవారీగా ప్రకటించాలి.

ఆ ఉపాధ్యాయుడు ఇప్పుడు కారణం రాసి ఇవ్వమని బ్యాంకుకు లేఖ ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకుని వచ్చారు. జవాబు కోసం ఆయనతోపాటు మేమూ ఎదురుచూస్తున్నాం.