రంగుకు ముందు పని

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లోని 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్‌ను చూచిన విద్యార్థులు దాని మెరుగునే కొనియాడుతారు. దానిని కోరి చేయించిన ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1911లోనే గతించారు. బండి ఆ తరువాత వచ్చింది. పాత మోటారును పునరుద్ధరించడంలో మెరుగు కడపటి పని అని, రేకుల పొందిక అంతకు ముందే తేలిపోవాలని మా అభిప్రాయం.

మన కరీంనగర్, ఆదిలాబాద్ రోడ్లపై తిరిగిన అంబాసిడర్‌నే తీసుకొందాం. 2014లో ఉత్తరపారాలో దాని తయారీ ఆగిపోయింది. కొత్త మడ్‌గార్డు కొని తెచ్చినంత మాత్రాన అది అమరదు. అనుభవజ్ఞుడైన డెంటర్ మొదట తలుపును సరిచూస్తాడు. తలుపు అంచును బట్టి మడ్‌గార్డు, రెండు మడ్‌గార్డులను బట్టి బానెట్, అటుపిమ్మట గ్రిల్. బోల్టులన్నీ వదులుగా ఉంచి, సందు ఇరుప్రక్కల సమానమయ్యేవరకు జరుపుతూ, అవసరమైనచోట వాషరు పెట్టి, చివరకు బిగిస్తాడు. తొందరపడి మడ్‌గార్డును ముందే బిగిస్తే ఆ వంకర బానెట్ మూలలో బయటపడుతుంది. దానిని పుట్టీతో కప్పిపుచ్చే ఘనులూ ఉన్నారు!

చిన్ననాటి నుంచి ఉస్తాద్ వద్ద ఈ విద్య నేర్చిన కారిగర్లకు సర్టిఫికెట్లు ఉండవు. వారి తరువాత దీనిని ఎవరు నేర్చుకొంటారు? ఏటా ఒక్క వారమైనా అటువంటి ఉస్తాద్‌ను తగిన పారితోషికంతో కళాశాలకు ఆహ్వానించి, ఒక పాత బండి ముందుభాగాన్ని విద్యార్థుల చేత విప్పించి, తిరిగి బిగింపించవలసిందిగా కమిటీ వారిని కోరుతున్నాము. ఇందుకు ఒక రేకుల షెడ్డు, రెండు సెట్ల పానాలు చాలు.