చెవి మిషన్ కొనేముందు చెవిని కొలిపించండి

తాడేపల్లిగూడెం, పెంటపాడు వైపు పాతికేళ్లు రైస్ మిల్లులో పనిచేసిన పెద్దాయన ఎవరినైనా పలకరించి చూడండి. "వినపడుతోందయ్యా, మాటే తెలియట్లేదు" అంటారు. ఇంట్లోవాళ్లు చాదస్తం అనుకుంటారు. కాదు. ఏళ్ల తరబడి మోతలో గడిపిన చెవి ముందుగా సన్నని, కీచు శబ్దాలను పట్టే శక్తిని పోగొట్టుకుంటుంది. వయసు చేసే పనీ అదే. అచ్చుల్లో బలం ఉంటుంది కాబట్టి అవి వినపడతాయి. క, త, ప, స లాంటి హల్లులు జారిపోతాయి. కాలు, పాలు, తాలు మూడూ ఒకేలా ఉంటాయి. మీరెంత అరిచినా పెరిగేది ఆ అచ్చే!

అబ్బాయి ఆన్‌లైన్‌లో తెప్పించిన మిషన్ నాలుగు రోజుల్లో బీరువాలోకి చేరేది ఇందుకే. గరిటె చప్పుడు, ఫ్యాను హోరు, మనవరాలి మాట అన్నిటినీ అది ఒకేలా పెంచుతుంది. ఆయనకు కావలసింది జారిపోయిన హల్లులు మాత్రమే.

అవేమిటో తేల్చేది పరీక్ష. ముందు చెవిలోకి చూస్తారు. గులిమి అడ్డుపడి ఉంటే అది తీస్తే చాలేమో. తర్వాత చప్పుడు లేని గదిలో హెడ్‌ఫోన్లు పెట్టి 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా ఒక్కో స్వరం ఎంత చిన్నగా ఉన్నా వినగలరో కొలుస్తారు. చెవి వెనక ఎముకకు ఆనించి మరోసారి కొలుస్తారు. ఎముక ద్వారా బాగా వినపడుతుంటే లోపం బయటి చెవిలోనో మధ్య చెవిలోనో ఉన్నట్టు. అలాంటివాటిలో చాలావరకు మందులకో ఆపరేషన్‌కో లొంగుతాయి కాబట్టి ముందు ఈఎన్‌టీ డాక్టరును కలవాలి. చివరగా తెలుగు మాటలు వినిపించి తిరిగి చెప్పమంటారు. ఈ పరీక్షలేవీ చేయకుండా మిషన్ అమ్మే చోట కొనకండి. చేసేవారికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

పరీక్ష ఫలితాన్ని బట్టి కంప్యూటర్‌తో మిషన్‌ను సర్దుతారు. అయితే ఏ ఇద్దరి చెవి గొట్టమూ ఒకలా ఉండదు. సన్నటి గొట్టాన్ని కర్ణభేరి దగ్గరిదాకా పెట్టి, అక్కడికి చేరే శబ్దాన్ని కొలిచి మళ్లీ సరిచేస్తారు. దీన్ని రియల్ ఇయర్ మెజర్‌మెంట్ అంటారు. ఖరీదైన మోడల్ కంటే ఈ కొలతకే మేం ఎక్కువ విలువిస్తాం.

మొదట్లో తన గొంతు తనకే డబ్బాలోంచి వస్తున్నట్టుంటుంది. ముందు ఇంట్లో రోజుకు కొన్ని గంటలు పెట్టుకోనివ్వండి. గూడెం ఉల్లి మార్కెట్ సందడిలోకి తర్వాత వెళ్లొచ్చు. ఎక్కడ ఇబ్బందిగా ఉందో రాసుకుని మళ్లీ వెళ్లి సర్దించాలి. రోజూ ఆయనతో మాట్లాడే మనిషి వెంట ఉంటే మేలు. కొనే స్తోమత లేనివారికి, 40 శాతం లోపం ఉన్నట్టు సదరం సర్టిఫికెట్ ఉంటే, ఆదాయ పరిమితికి లోబడి కేంద్రం ఏడిప్ పథకం కింద మిషన్ ఇస్తుంది.

ఉన్నట్టుండి ఒక చెవి వినపడటం మానేస్తే మాత్రం మిషన్ ఆలోచనే వద్దు. ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కొద్ది రోజులు ఆలస్యమైనా వినికిడి తిరిగొచ్చే అవకాశం తగ్గిపోతుంది.