చవకది ఆఖరికి

కళ్యాణదుర్గంలో ఏ కిరాణా కొట్టు ముందైనా కాసేపు నిలబడండి. ఐదొందల నోటుతో వచ్చిన ఆవిడ నూనె, కందిబ్యాళ్లు ముందు చెబుతుంది. జీలకర్ర, అగ్గిపెట్టె ఆఖర్న, మిగిలిన చిల్లర చూసుకుని. అమెరికన్ టీవీలో 1972 నుంచి నడుస్తున్న ‘ది ప్రైస్ ఈజ్ రైట్’లో ‘గ్రోసరీ గేమ్’ గెలవడానికి ఇంతకు మించిన ఎత్తు లేదంటాను. ఐదు సరుకులు పెట్టి, ధరలు దాచి, ఏది ఎన్ని కావాలో చెబుతూ బిల్లు 20-22 డాలర్ల మధ్య తేల్చమంటారు. ధరలు బట్టీ పట్టమని అందరూ చెప్పేదే. నాకైతే కిటుకు వరుసలో ఉందనిపిస్తుంది. తక్కువైతే ఇంకో సరుకు అందుకోవచ్చు, 22 దాటితే ఆట కట్టు. కాబట్టి ఖరీదైనదానితో పదహారు దాకా వచ్చి ఆగాలి. తొందరపడి చవకదే పది కొంటే, ఒక్కోదానికి పావు డాలరు పొరబడినా తేడా రెండున్నర; ఆటలో ఇచ్చిన సందే రెండు! మన దగ్గర ఈ ఆట నిలవదు లెండి. పొట్లం మీద ఎమ్మార్పీ ఉంటుంది, చాలావాటికి అదీ ఐదో పదో. ధర కదలదు, లోపల బరువు కరుగుతుంది. ఇక్కడ అడగాల్సింది గ్రాములే. పది రూపాయల బిస్కట్ పొట్లం వంద గ్రాములని నేను ధీమాగా అన్నాను. మా ఆవిడ మాట్లాడకుండా పొట్లం వెనక్కి తిప్పింది.