సాంబమసూరికి అడవి వరి అండ

గూడూరు: బందరు, దివిసీమ వైపు బీపీటీ 5204 ధాన్యం కొనే వర్తకులు గింజతోపాటు విత్తనాన్నీ విచారించడం మేలు. ఆకుఎండు తెగులు సోకిన చేలో గింజ సరిగా పాలు పోసుకోదు. తాలు, నూక పెరిగి నష్టం మిల్లు దాకా వస్తుంది. తెగులు ముదిరాక మందులతో పెద్దగా ఫలితముండదు. హైదరాబాదు వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ రూపొందించగా 2008లో విడుదలైన ఇంప్రూవ్డ్ సాంబమసూరిలో దీన్ని తట్టుకునే జన్యువులు మూడున్నాయి. అందులో ఒకటి ఆఫ్రికా అడవి వరిది. గింజ తీరు మాత్రం సాంబమసూరిదే. కొత్త పేరని ధర కోస్తే రైతు పాత విత్తనానికే మళ్లుతాడు. తాలు సరుకు మళ్లీ బజారుకే చేరుతుంది. అయితే దోమపోటును ఈ జన్యువులు ఆపవు. కనుక నమూనా చూశాకే బేరం.