వేప్ స్పెక్స్ సరే, లోపల పోసే లిక్విడ్ సంగతేంటి?

వేప్ కూడా రివ్యూ చెయ్యమని ఫ్రెండ్స్ అడుగుతుంటారు. వాట్స్, బ్యాటరీ, కాయిల్ గురించి రాయొచ్చు. కానీ లంగ్స్‌లోకి వెళ్లేది లిక్విడ్ కదా!

అందులో ఎక్కువ భాగం ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. మిగతాది నికోటిన్, ఫ్లేవర్లు. "నికోటిన్ తప్ప అన్నీ తిండిలో వేసేవే బ్రో" అంటారు. నిజమే, కానీ అవి సేఫ్ అన్నది తినడానికి, పీల్చడానికి కాదు. పొట్ట కోసం రాసిన కోడ్‌ని టెస్టింగ్ లేకుండా ఊపిరితిత్తుల్లో డిప్లాయ్ చేసినట్టు. డైఅసిటైల్ అనే బటర్ ఫ్లేవర్ ఆవిరి పీల్చి, 2000 ప్రాంతంలో అమెరికాలోని మిజోరీ పాప్‌కార్న్ ఫ్యాక్టరీ కార్మికులకు ఊపిరితిత్తుల్లోని సన్న గొట్టాలు దెబ్బతిన్నాయి.

దాల్చినచెక్క ఫ్లేవర్‌లో ఉండే సినమాల్డిహైడ్‌ని ల్యాబ్‌లో శ్వాసనాళ కణాల మీద ప్రయోగిస్తే మైటోకాండ్రియా పని దెబ్బతింది. కఫాన్ని పైకి నెట్టే సిలియా కదలిక తగ్గింది. ల్యాబ్ డిష్‌లో కణం, మనిషి ఒకటి కాదు, ఒప్పుకుంటా. అయినా ఆ కణాలు మనలో ఉన్నవే.

ఇంకోటి, వాట్స్ పెంచేకొద్దీ కాయిల్ వేడికి గ్లైకాల్, గ్లిజరిన్ విడిపోయి ఫార్మాల్డిహైడ్, ఎక్రోలిన్ లాంటివి ఎక్కువగా పుడతాయి. అంటే మనం ప్లస్ పాయింట్‌గా రాసే "ఎక్కువ పవర్" ఇక్కడ మైనస్. అసలు వేడి చెయ్యకపోయినా, బాటిల్లోనే వెనిలిన్ గ్లైకాల్‌తో కలిసి ఎసిటాల్స్ తయారవుతాయి. వాటి పేరు లేబుల్ మీద వెతికినా కనపడదు.

ఇండియాలో 2019 నుంచి వీటి అమ్మకం నిషేధం. కాబట్టి ఇక్కడ దొరికేది బ్లాక్ సరుకే, లోపల ఏముందో చెక్ చేసేవాడే లేడు. సిగరెట్ కంటే హాని తక్కువన్న వాదనని నేను కొట్టిపారెయ్యను. అది సిగరెట్ మానాలనుకునేవాళ్ల లెక్క. సిగరెట్టే ముట్టని కుర్రాడు మ్యాంగో ఐస్ పీలుస్తుంటే దేంతో పోల్చి తక్కువంటాం?