గాజుపళ్లెం నోరు కాదు

చిరంజీవులైన విద్యార్థులకు,

మైక్రోబయాలజీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. లవంగ నూనె ఉంటే పళ్ల డాక్టరు అక్కర్లేదని, నీలగిరి తైలం ఉంటే యాంటీబయాటిక్ అక్కర్లేదని మీరు ఫోన్లలో పంపుకుంటున్న మాటలు చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ నూనెల్లో సత్తా లేదని నేననను. పళ్లు పుచ్చబెట్టే స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్‌ను అగర్ పోసిన గాజుపళ్లెం మీద పరిచి, మధ్యలో లవంగ నూనెలో తడిపిన కాగితపు బిళ్ల పెట్టేవాళ్లం. మర్నాటికి బ్యాక్టీరియా పెరిగి పళ్లెమంతా మసకగా ఉండేది. బిళ్ల చుట్టూ మాత్రం తేటగా ఒక వలయం! నూనెలోని యూజినాల్ బ్యాక్టీరియా పైపొరను దెబ్బతీస్తుంది, లోపలి సరుకు బయటికి కారిపోతుంది. మన అమృతధారలో వేసే వాము పువ్వుదీ అదే పని. దాని రసాయన నామం థైమాల్. 1879లో అమెరికాలో పుట్టిన లిస్టరిన్ అనే నోరు పుక్కిలించే మందులోనూ అది ఉంది.

కానీ నోరు గాజుపళ్లెం కాదు. పంటి మీద బ్యాక్టీరియా పాచిగా గూడు కట్టుకుని ఉంటుంది. పైపైన పూసిన నూనె లోపలిదాకా దిగదు. యూజినాల్ నరాన్ని మొద్దుబారుస్తుంది కాబట్టి నొప్పి మాత్రం తగ్గుతుంది. ఒక దవడ పన్నును నేను రెండేళ్లు అలాగే ఊరడించాను. నొప్పి అణిగింది, పుచ్చు అణగలేదు. చివరికి పన్ను తీయించుకున్నాను.

ఊపిరితిత్తుల సంగతి మరీ సున్నితం. నీలగిరి ఆవిరి పడితే ముక్కు తెరుచుకున్నట్టు హాయిగా ఉంటుంది. న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియాను చంపేంత మోతాదు ఆ ఆవిరితో లోపలికి చేరదు. పైగా పసిపిల్లలు కర్పూరంగానీ నీలగిరి తైలంగానీ మింగితే ఫిట్స్ రావచ్చు.

ప్రకృతిలో దొరికింది మందుగా ఎలా మారుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. మట్టిలోని సూక్ష్మజీవి ఇచ్చిన మందు అది. ప్రకృతిలో దొరికింది కదా అని ఎవరూ దాన్ని నేరుగా రోగి నోట్లో పోయలేదు. శుద్ధిచేసి, మోతాదు తేల్చి, హాని ఉందేమో పరీక్షించాకే మందన్నారు.

మీరూ ఆ దారిన నడవండి. మన వాము, లవంగం మీద పరిశోధన చెయ్యండి, వలయాన్ని మిల్లీమీటర్లలో కొలవండి, అక్కడితో ఆగిపోకండి. ఇంట్లో ఎవరికైనా పన్ను పుచ్చితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. జ్వరంతో ఆయాసపడే బిడ్డను ఆవిరి పడుతూ ఇంట్లో ఉంచకండి, వెంటనే ఆసుపత్రికి చేర్చండి.

ఇట్లు,
మీ మేలు కోరే
ఒక పాత మాస్టారు