మంచు ఇంట్లో... పిల్లలతో ఓ రాత్రి

కృష్ణా డెల్టాలో మంచు అంటే ఏమిటి? ధనుర్మాసంలో తెల్లారగట్ల గుడివాడ పొలాల మీద పొగలా పరుచుకునేది. బందరు రోడ్డు మీద ఎదురుగా వచ్చే లారీని దగ్గరికొచ్చేదాకా కనబడనివ్వనిది. వరి కోసిన మళ్లలో మినుముకు కాస్త తడి అందించేది. పొద్దెక్కేసరికి ఉండదు. పట్టుకుందామంటే చేతికి దొరకదు.

అదే మాటతో మనం పిలుచుకునే మంచు ఇంకోటి ఉంది. దాన్ని పారతో ఎత్తొచ్చు, రంపంతో కోయొచ్చు, ఇటుకల్లా పేర్చి గోడ కట్టొచ్చు. ఆ గోడల మధ్య మంచం వేసుకుని పడుకోవచ్చు కూడా. ఆ మంచమూ మంచుదే!

స్టాక్‌హోంలోనో టొరంటోలోనో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకు ‘అమ్మా, ఈ శీతాకాలం సెలవులకు పిల్లల్ని మంచు హోటల్‌కి తీసుకెళ్తున్నాం’ అని ఫోన్లో చెప్పాడనుకోండి. అవనిగడ్డలో ఉన్న నాయనమ్మకు గుండె జారిపోతుంది. పసివాళ్లను ఐసుగడ్డ మీద పడుకోబెడతారా, మతిగానీ పోయిందా అంటుంది. జనవరి రాత్రుల్లో కూడా పాదరసం 20 డిగ్రీలకు అటూఇటూగా ఉండే ఊళ్లో, ఆ మాత్రానికే మనవడికి మంకీ క్యాప్ తొడిగే మనిషి కదా మరి! ఆవిడ భయం ఉత్తదేం కాదు. అలాగని ఆవిడ ఊహించుకున్నంత ఘోరమూ అక్కడ లేదు.

ఈ హోటళ్లలో పేరున్నది స్వీడన్ ఉత్తర కొసన కిరునా దగ్గర యూకస్‌యార్వి అనే పల్లెలో ఉంది. ఆర్కిటిక్ వలయానికి ఇంకా పైన. డిసెంబరులో కొన్ని వారాలపాటు సూర్యుడు అసలు ఉదయించడు. పక్కనే టోర్న్ నది. వేసవిలో పడవలు నడుపుకునే ఆ ఊళ్లో చలికాలం వస్తే పనుండేది కాదు. 1989లో జపాన్ నుంచి మంచు శిల్పులు వచ్చి బొమ్మలు చెక్కారు. ఆ మర్నాటి ఏడాది కళా ప్రదర్శన కోసం నది దగ్గర ఓ మంచు ఇగ్లూ కట్టారు. చూడ్డానికి వచ్చినవాళ్లలో కొందరు ఆ రాత్రికి అందులోనే ఉంటామన్నారు. రెయిన్‌డీర్ తోళ్లు పరుచుకుని, స్లీపింగ్ బ్యాగుల్లో దూరి పడుకున్నారు. తెల్లారి హాయిగా లేచొచ్చారు. ఐస్‌హోటల్ అలా మొదలైంది. యజమాని యింగ్వె బెర్గ్‌క్విస్ట్‌కి వ్యాపార కిటుకు దొరికింది. తర్వాత ఫిన్లాండ్‌లోని కెమిలో 1996లో మంచుకోట లేచింది. 2001లో కెనడాలోని క్యుబెక్‌లో మంచు హోటల్ వచ్చింది.

కట్టడం మన స్లాబు పని లాంటిదే. ఇనుప సెంట్రింగు పెడతారు. దాని మీద యంత్రాలతో మంచు చిమ్ముతారు. గట్టిపడ్డాక సెంట్రింగు లాగేస్తారు. సిమెంటుకు బదులు మంచూ ఐసూ కలిసిన ముద్ద. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘స్నైస్’. స్తంభాలకీ శిల్పాలకీ మాత్రం అద్దంలాంటి నది ఐసు కావాలి. దాన్ని అంతకు ముందు మార్చిలోనే టోర్న్ నది మీద నుంచి దిమ్మలుగా కోసి, వేసవంతా గోదాములో దాచిపెడతారు. ఒక్కో దిమ్మ రెండు టన్నులు! బందరు గిలకలదిండి రేవులో వేటకెళ్లే బోట్లలోకి ఎక్కించే ఐసు దిమ్మలు దీని ముందు కలకండ పలుకులు.

వెచ్చగా కాదు... భరించేలా

బయట సున్నాకు దిగువన 30 డిగ్రీలున్నా హోటల్ గదిలో సున్నాకు దిగువన 5 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంటుంది. హీటర్లు లేవు. ఉంటే హోటలే కరిగిపోతుంది. మరెలా?

దివిసీమలో రొయ్యల చెరువుల దగ్గర పెరిగిన పిల్లల్ని అడిగితే సగం చెప్పేస్తారు. ఐసు దిమ్మ మీద ఊక గానీ రంపపు పొట్టు గానీ కప్పితే ఎండలో కూడా తొందరగా కరగదు. పొట్టు చల్లబరిచి కాదు. పొట్టు మధ్య చిక్కుకున్న గాలి బయటి వేడిని లోపలికి రానివ్వదు. ఈ చిన్న సంగతిని నమ్ముకుని అమెరికాలో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి 1833లో బోస్టన్ చెరువుల ఐసు 180 టన్నులు ఓడకెత్తి కలకత్తా పంపాడు. నాలుగు నెలల సముద్ర ప్రయాణం, భూమధ్యరేఖను రెండుసార్లు దాటడం... అయినా 100 టన్నుల దాకా మిగిలింది. అతని ఐసు దాచడానికి మద్రాసు మెరీనా ఒడ్డున కట్టిన ఐస్‌హౌస్ ఇప్పటికీ ఉంది. వివేకానందుడు 1897లో బస చేసింది అందులోనే.

పొట్టు చేసే పనే మంచు కూడా చేస్తుంది. కాకపోతే తిరగేసి. కొత్తగా పడిన మంచులో 90 శాతం దాకా గాలే. గట్టిగా అదిమి గోడ కడితే అది తగ్గుతుంది గానీ, బయటి భయంకరమైన చలిని ఆపడానికి ఆ మిగిలిన గాలి చాలు. వేసంగిలో మన తాటాకిల్లు ఎండను ఆపినట్టే.

సున్నాకు దిగువన 5 అంటే ఎంత చలి? మనవాళ్లకు కొత్తేమీ కాదు. హైదరాబాద్ లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర 2004లో స్నోవరల్డ్ మొదలైనప్పుడు వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని వెళ్లొచ్చిన గుడివాడ, బందరు కుటుంబాలు చాలానే ఉన్నాయి. కోటూ బూట్లూ చేతి తొడుగులూ ఇచ్చి లోపలికి పంపేవాళ్లు. లోపల ఉన్నదీ ఆ 5 డిగ్రీలే. పిల్లలు గంటసేపు ఎగిరి గంతులేసి, ముక్కులు ఎర్రబడ్డాక బయటికొచ్చి వేడి టీ అడిగేవాళ్లు.

తేడా అంతా ఆ గంటలోనే ఉంది. ఎగురుతున్న పిల్లాడి ఒళ్లు పొయ్యిలా మండుతుంది. నిద్రపోతున్న పిల్లాడి ఒళ్లు నివురుగప్పిన నిప్పు. పైగా పిల్లల బరువుతో పోలిస్తే ఒంటి పైభాగం ఎక్కువ. అందుకే పెద్దల కన్నా త్వరగా చల్లబడిపోతారు. గంట వేరు, రాత్రి వేరు.

సంచీలో నిద్ర

మంచు హోటల్‌లో పిల్లలకు రక్ష గోడలు కాదు, స్లీపింగ్ బ్యాగ్. దాని గురించి మనవాళ్లు ఒక పొరపాటు పడతారు. అది వెచ్చదనం ఇస్తుందనుకుంటారు. ఇవ్వదు. ఒంటి వేడిని పోనివ్వకుండా పట్టుకుంటుందంతే. చల్లబడిపోయిన పిల్లాణ్ని అందులో పెడితే చల్లగానే ఉంటాడు. కాబట్టి పడుకునే ముందు వెచ్చబడాలి. కడుపునిండా తినాలి. కాసేపు గెంతాలి. పెద్దవాళ్ల బ్యాగులో చిన్నపిల్లాణ్ని పెడితే కాళ్ల దగ్గర మిగిలిన ఖాళీని వాడి ఒళ్లే వేడిచెయ్యాలి. ఆ ఖాళీలో మర్నాడు వేసుకునే బట్టలు కుక్కితే రెండు లాభాలు. ఖాళీ నిండుతుంది, పొద్దున బట్టలు కట్టెల్లా బిగుసుకుపోకుండా వెచ్చగా దొరుకుతాయి.

ఇక బట్టలు. మన అమ్మల అలవాటు తెలిసిందే. బనీను మీద చొక్కా, చొక్కా మీద స్వెట్టర్, దాని మీద ఇంకో స్వెట్టర్, అన్నిటి మీద దుప్పటి. ఇక్కడ అది పనికిరాదు. బ్యాగులో ఎక్కువ తొడిగితే చెమట పడుతుంది. ఒంటికి అంటుకున్న నూలు బనీను ఆ చెమటను పీల్చుకుని ఆరదు. తడి నూలుబట్ట ఒంటి వేడిని లాగేస్తుంది. మన ఎండకు ప్రాణం పోసే నూలు అక్కడ శత్రువు. లోపల ఉన్నివో, చెమట పీల్చని థర్మల్ బట్టలో ఒక జత, పొడి సాక్సులు, తలకు టోపీ. చాలు. టోపీ విషయంలో మాత్రం నాయనమ్మదే గెలుపు. మంకీ క్యాప్‌ని మించింది లేదు!

అసలు పరీక్ష రాత్రి రెండు గంటలకు వస్తుంది. ‘అమ్మా, ఒంటేలు!’

మంచు గదిలో బాత్రూమ్ ఉండదు. ఉండేందుకు వీల్లేదు కదా. పక్కనున్న వెచ్చని భవనంలో ఉంటుంది. సామాన్లు పెట్టుకునే లాకర్లూ అక్కడే. అంటే బ్యాగులోంచి లేచి, బూట్లు తొడిగి, కోటు వేసి, మంచు నడవాలో నిద్రకళ్లతో నడిపించుకుంటూ తీసుకెళ్లాలి. తీసుకెళ్లాల్సిందే. ‘కాసేపు ఓర్చుకో నాన్నా’ అన్నారంటే, వాడు ఓర్చుకోలేక పక్క తడిపాడంటే అప్పుడు మొదలవుతుంది నిజమైన ప్రమాదం. తడిసిన బ్యాగులో ఆ చలికి పిల్లాణ్ని ఒక్క పావుగంట కూడా ఉంచకూడదు. వెంటనే వెచ్చని భవనానికి ఎత్తుకెళ్లి, పొడిబట్టలు మార్చి, మిగతా రాత్రి అక్కడే ఉండిపోవాలి. ఇంత డబ్బు పోశాం, ఇంకో నాలుగు గంటలు ఆగితే తెల్లారిపోతుందనే లెక్క పనికిరాదు. పడుకోబోయే ముందు గ్లాసుడు పాలు పట్టించే ఇళ్లవాళ్లు ఆ ఒక్క రాత్రికి దాన్ని సాయంత్రానికి జరుపుకుంటే మంచిది.

‘చలేస్తోందిరా?’ అంటే లేదనే చెబుతారు పిల్లలు, సరదా ఎక్కడ ఆగిపోతుందోనని. చెయ్యి మెడ కింద పెట్టి చూడాలి. వణుకుతుంటే ఒళ్లు ఇంకా పోరాడుతోందని అర్థం. వణుకు ఆగిపోయి, మాట ముద్దయి, మత్తుగా తూలుతుంటే మాత్రం అది నిద్ర కాదు, ఒంటి వేడి పడిపోతోందన్న గుర్తు. తక్షణం వెచ్చని చోటుకు చేర్చి వైద్యుణ్ని పిలవాలి. చెవులో వేళ్లో తెల్లబడి మొద్దుబారితే గట్టిగా రుద్దకూడదు. మన చంకలో పెట్టి మెల్లగా వెచ్చబరచాలి. అన్నట్టు, గడ్డకట్టిన ఇనుప రెయిలింగుని నాలుకతో తాకితే అతుక్కుపోతుంది. పుల్ల ఐసు తిని పెరిగిన పిల్లలకు ఈ ముక్క ముందే చెప్పి తీసుకెళ్లాలి.

చంటిపిల్లల్ని మాత్రం తీసుకెళ్లకపోవడమే న్యాయం. వాళ్లకు చలి పుట్టినా వణకడం చేతకాదు. పెద్దవాళ్ల బ్యాగులో పక్కన పడుకోబెడితే ఊపిరాడకపోవచ్చు. ఉబ్బసం ఉన్న పిల్లలకు పొడి చల్లగాలే మంట పెట్టొచ్చు. డాక్టరు సరేనంటేనే వెళ్లాలి. అలాంటివాళ్లకు వేరే దారి ఉంది. యూకస్‌యార్విలో పగటిపూట టికెట్ కొనుక్కుని గదులన్నీ తిరిగి చూడొచ్చు. మంచు జారుడుబండలు, మంచు కుర్చీలు, దీపాలు పెడితే నీలంగా వెలిగే గోడలు... పిల్లలకు గుర్తుండిపోయేవి అవే. రాత్రి పక్కనే వెచ్చని గదిలో పడుకోవచ్చు. రాత్రికి గది తీసుకున్నవాళ్లకూ సాయంత్రందాకా ఆ మంచు గది దొరకదు, సందర్శకులు తిరుగుతుంటారు గనుక. ఈ సంగతి తెలియక పిల్లలతో పగలంతా సామాన్లేసుకుని కూర్చోవాల్సొస్తే ప్రాణం విసుగెత్తిపోతుంది. ఖర్చూ తక్కువేం కాదు. చలి కోసం కట్టే బిల్లు మాత్రం వేడివేడిగానే ఉంటుంది!

పొద్దున్నే లింగన్‌బెర్రీ పళ్లరసం వేడిగా మంచం దగ్గరికే తెచ్చిస్తారు. వేసవి వచ్చేసరికి ఆ మంచమూ గదీ కరిగి మళ్లీ టోర్న్ నదిలో కలిసిపోతాయి. వచ్చే ఏడాది కట్టేది వేరే హోటల్, వేరే బొమ్మలు. అలా కరిగిపోకుండా ఏడాదంతా ఉండే భాగం ఒకటి 2016లో కట్టారు. వేసవిలో అక్కడ అర్ధరాత్రీ ఎండే. ఆ ఎండతోనే కరెంటు పుట్టించి దాన్ని చల్లగా ఉంచుతున్నారు.

స్వీడన్ దాకా వెళ్లలేని వాళ్లకు దగ్గర్లో ఉన్నది మనాలి. దానికి పైన హంప్టా లోయ దారిలో సేతన్ అనే చిన్న పల్లెలో చలికాలంలో స్థానిక కుర్రాళ్లు ఇగ్లూలు కట్టి రాత్రి బసకు ఇస్తున్నారు. విజయవాడలో ఢిల్లీ రైలెక్కి, అక్కడ మనాలి బస్సు పట్టుకోవాలి. గుల్మార్గ్‌లోనూ 2021లో ఇగ్లూ కెఫె కట్టారు గానీ అది టీ తాగి రావడానికే. సేతన్‌లో బస అంటే స్వీడన్ హోటల్ హంగులుండవు. ఊరు ఎత్తులో ఉంటుంది కాబట్టి ఒక రోజు మనాలిలో ఆగి, పిల్లల ఒళ్లు అలవాటు పడ్డాకే పైకెళ్లాలి.

అక్కడ ఇంకో జాగ్రత్త ఉంది. చలికి తట్టుకోలేక ఇగ్లూలోనో గుడారంలోనో కుంపటి రాజేసుకుందామనిపిస్తుంది. ఎవరు తెచ్చిచ్చినా వద్దనాలి. మూసిన చోట బొగ్గు మండితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇగ్లూ పైన గాలి కోసం వదిలిన కన్నం చలి వస్తోందని గుడ్డతో మూయడమూ అంతే ప్రమాదం. చలికి వేసే మందు బ్యాగు, టోపీ, పక్కన అమ్మానాన్న. నిప్పు కాదు.

బయల్దేరే ముందు ఫోన్ చేసి అసలు మంచు పడిందో లేదో కనుక్కోవాలి. 2024 జనవరిలో గుల్మార్గ్ కొండలు నెలాఖరు దాకా దాదాపు బోసిగానే ఉన్నాయి. కట్టిన ఇగ్లూ అదేనా, వెచ్చని గది పక్కనే ఉందా, పిల్లల సైజు స్లీపింగ్ బ్యాగులు ఉన్నాయా, రాత్రిపూట బాత్రూముకు ఎంత దూరం నడవాలి... ఈ నాలుగూ అడిగాకే అడ్వాన్సు పంపాలి.